కీమో బిళ్ళలు సరిగ్గానే వేసుకుంటున్నా తేడా వస్తోందా? ముందు మందుల సంచి కుమ్మరించండి

ఇంట్లో వేసుకునే కీమో బిళ్ళలతో ఏ తేడా వచ్చినా మొదట చేయాల్సిన పని ఒకటే. రోగి మింగే ప్రతి బిళ్ళా, పొడీ, టానిక్కూ తెచ్చి మంచం మీద కుమ్మరించాలి. కళ్ళజోడు డబ్బాలోవి, చొక్కా జేబులోవి, దిండు కిందవి, ఆర్‌ఎంపీ డాక్టరు కాగితంలో చుట్టి ఇచ్చిన పేరు లేని బిళ్ళలు, అన్నీ. మన వైపు వాళ్ళకు చీటీ రాసేది చెన్నైలోనో వేలూరులోనో తిరుపతిలోనో గుంటూరులోనో. మందులు కొనేది నెల్లూరులోనో ఒంగోలులోనో. నడుమ జ్వరానికీ నొప్పులకూ వెళ్ళేది ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి. ఈ మూడు చోట్ల ఇచ్చినవన్నీ పక్కపక్కన పెట్టి చూసే మనిషి ఎక్కడా ఉండడు. అది ఇంట్లోవాళ్ళే చేయాలి. అయిదు నిమిషాల పని. అది వదిలేసి "మందు పడలేదు", "కంపెనీ మారింది" అనుకుంటూ వేల రూపాయల పరీక్షలకు పరుగులు పెడుతుంటే బాధేస్తుంది.

బిళ్ళ నూరకూడదు, విరవకూడదు, అందించేవాళ్ళు చేతులకు తొడుగు వేసుకోవాలి అన్నవి ఆసుపత్రిలో చెప్పే ఉంటారు. అవి మళ్ళీ రాయడం లేదు.

నోరు పూసింది, విరేచనాలు, అరికాళ్ళు మంటలు

పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లకిచ్చే కెపెసిటబిన్ వేసుకునేవాళ్ళలో ఎక్కువగా కనిపించేవి ఇవే. కొంత మేరకు మందు గుణమే. కానీ ఉన్నట్టుండి పెరిగితే ముందు రోజులు లెక్కపెట్టండి. చాలామందికి 14 రోజులు వేసుకుని 7 రోజులు ఆపమని రాస్తారు. ఆ ఏడు రోజులూ ఒళ్ళు కోలుకోవడానికి. పొరపాటు ఎక్కడ జరుగుతుందో చూడండి: పూటకు 3 చొప్పున రోజుకు 6 బిళ్ళలంటే 14 రోజులకు 84. షాపులో పదేసి బిళ్ళల స్ట్రిప్పులు 9 ఇస్తారు, అంటే 90. పదిహేనో రోజున ఇంకా ఆరు బిళ్ళలు కనబడతాయి. ఖరీదైన మందు వృథా ఎందుకని వేసేస్తారు. లేదంటే స్ట్రిప్పులు అయిపోయాయని షాపుకు వెళ్తే, పాత చీటీ చూసి ఇంకో సైకిల్‌కు (వేసుకునే 14 రోజులూ ఆపే 7 రోజులూ కలిసిన విడతకు) సరిపడా ఇచ్చేస్తారు, ఆపాల్సిన వారం మందులోనే గడిచిపోతుంది. అందుకే బిళ్ళల్ని బట్టి కాదు, గోడ క్యాలెండరును బట్టి వేసుకోండి. మొదలుపెట్టిన రోజున ఒక గీత, పద్నాలుగో రోజున ఇంకో గీత, రెండో గీత దాటాక డబ్బా బీరువాలోకి. మిగిలిన ఆరూ తరువాతి సైకిల్‌కు పనికొస్తాయి, డోసు మార్చలేదని డాక్టరు చెప్పాక.

రోజులు సరిగ్గానే ఉంటే సంచిలో బలం బిళ్ళలు వెతకండి. నీరసంగా ఉందని ఇచ్చే బీ-కాంప్లెక్స్, రక్తం పట్టే బిళ్ళల్లో చాలావాటిలో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. ఫోలిక్ యాసిడ్ తోడైతే కెపెసిటబిన్ దుష్ప్రభావాలు ముదురుతాయి. బలానికని వేసుకున్నదే మనిషిని పడుకోబెడుతుంది. క్యాన్సర్ డాక్టరు రాయని బలం బిళ్ళ ఏదైనా పక్కన పెట్టండి. గుండె వాల్వు ఆపరేషన్ అయి వార్ఫరిన్, ఎసిట్రోమ్ లాంటి రక్తం పలుచబరిచే బిళ్ళ వాడుతున్నవాళ్ళు ఆ సంగతి మొదటి రోజే చెప్పాలి. కెపెసిటబిన్‌తో కలిస్తే రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది. అలాగని ఆ బిళ్ళ మీ అంతట మీరు ఆపకూడదు.

ఎప్పుడూ ఉండేదాని కంటే రోజుకు నాలుగు విరేచనాలు ఎక్కువైనా, రాత్రి నిద్రలో లేచి వెళ్ళాల్సి వచ్చినా, నోట్లో ముద్ద పెట్టుకోలేకపోయినా ఆ పూట నుంచే బిళ్ళ ఆపి ఆసుపత్రికి ఫోన్ చేయాలి. కోర్సు చెడిపోతుందని భయపడొద్దు, ఆపమనే ఆ మందు నియమం. ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్ళలో కలిపి తాగిస్తూ ఉండండి. అరిచేతులు అరికాళ్ళు ఎర్రబడి మండుతుంటే యూరియా ఉన్న క్రీమ్ మెత్తగా పూయండి. నూనె పోసి గట్టిగా మర్దన చేస్తే చర్మం ఇంకా లేచిపోతుంది. ఎండలో ఉత్తకాళ్ళతో నడక, మిరపకాయ తొడిమలు తీయడం, రొయ్యల చెరువు నీళ్ళలో దిగడం ఆ రోజుల్లో వద్దు.

కీమో బిళ్ళల మీద ఉండగా థర్మామీటరులో 100.4 డిగ్రీలు చూపిస్తే అది మామూలు జ్వరం కాదు. పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూడొద్దు. రక్త కణాలు పడిపోయి ఉండొచ్చు, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

వారంలోపే నోటి నిండా పుండ్లు, రక్త కణాలు అడుగంటాయి

మెథోట్రెక్సేట్ అయితే ఒకటే ప్రశ్న: రోజూ వేశారా? పిల్లల రక్త క్యాన్సర్ మెయింటెనెన్స్‌లో (జబ్బు తిరగబెట్టకుండా చాలాకాలం ఇచ్చే మందుల దశలో) మెర్కాప్టోప్యూరిన్ రోజూ ఉంటుంది, మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. రెండూ ఒకే డబ్బాలో పెడితే రెండూ రోజూ పడతాయి. ప్రాణం తీసే పొరపాటు ఇది. పిల్లవాడు ఆడుకుంటూ కనిపించినా ఆగొద్దు, విరుగుడు ఆసుపత్రిలోనే ఉంటుంది. మెథోట్రెక్సేట్‌కు వేరే డబ్బా పెట్టి, దాని మీద మీ చీటీలో రాసిన వారం పేరు, "గురువారం మాత్రమే" లాగా, తెలుగులో పెద్దక్షరాలతో రాయండి. ఇంకోటి: ఈ బిళ్ళ 2.5 మి.గ్రా. లోనూ వస్తుంది, 10 లోనూ వస్తుంది. "ఎనిమిది బిళ్ళలు" అని గుర్తుపెట్టుకున్నవాళ్ళకు షాపులో 10 మి.గ్రా. స్ట్రిప్పు ఇస్తే 20 కాస్తా 80 అవుతుంది. బిళ్ళల లెక్క కాదు, మిల్లీగ్రాముల లెక్క గుర్తుపెట్టుకోవాలి.

మెర్కాప్టోప్యూరిన్ వేసుకునేవాళ్ళకు యూరిక్ యాసిడ్ అని ఎవరైనా అల్లోప్యూరినాల్ ఇచ్చారేమో చూడండి. అది ఉంటే మెర్కాప్టోప్యూరిన్ డోసు మూడో వంతుకో నాలుగో వంతుకో తగ్గించాలి, లేకపోతే కణాలు కుప్పకూలతాయి.

బిళ్ళ ఒక్క రోజు తప్పలేదు, అయినా రిపోర్టు చెడింది

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటున్నారు, అందుకే ఎక్కువ రాస్తున్నాను.

రక్త క్యాన్సర్‌లో ఒక రకమైన సీఎంఎల్‌కు మొదట సాధారణంగా ఇమాటినిబ్ ఇస్తారు. అది కడుపులో మంట పెడుతుంది. అందుకే తిన్నాక పెద్ద గ్లాసు నీళ్ళతో వేసుకోమంటారు, తోడుగా పొద్దున్నే పరగడుపున ఒక గ్యాస్ బిళ్ళ కూడా రాస్తారు. అందులో తప్పు లేదు. ఇమాటినిబ్‌ను గ్యాస్ బిళ్ళ చెడగొట్టదు. ఏళ్ళు గడుస్తాయి. గ్యాస్ బిళ్ళ కాఫీలాగా అలవాటైపోతుంది. తరువాత ఎప్పుడో ఇమాటినిబ్ సరిపోక డాసాటినిబ్‌కు మారుస్తారు. కొత్త చీటీలో గ్యాస్ బిళ్ళ ఉండదు. కానీ ఇంట్లో ఉంటుంది, అలవాటు ఉంటుంది, అడగకుండానే ఇచ్చే షాపు ఉంటుంది.

డాసాటినిబ్ కడుపులోని ఆమ్లంలోనే కరుగుతుంది. ఆమ్లం లేకపోతే కరగదు, కరగనిది రక్తంలోకి ఎక్కదు, మలంలో పోతుంది. రోజుకు 40 మి.గ్రా. ఒమెప్రజోల్ నాలుగు రోజులు వేసుకున్నాక కొలిస్తే రక్తానికి అందిన డాసాటినిబ్ 43 శాతం తగ్గింది. అంటే 100 మి.గ్రా. బిళ్ళ మింగినా ఒంటికి పట్టింది దాదాపు సగమే. నొప్పి లేదు, వాంతి లేదు, ఏ గుర్తూ లేదు. రక్తంలో జబ్బు ఎంత మిగిలిందో కొలవడానికి మూడు నెలలకోసారి చేసే బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్ పరీక్షలో అంకె పెరిగినప్పుడే బయటపడుతుంది. అప్పుడు "బిళ్ళలు మానేస్తున్నారా?" అని అడుగుతారు. రోగి నిజంగానే మానలేదు. "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అంటే "ఏమీ లేదండి" అంటారు. అదీ అబద్ధం కాదు. మన ఇళ్ళల్లో గ్యాస్ బిళ్ళ మందు కింద లెక్కే కాదు.

కాబట్టి ప్రశ్న మార్చండి. "పొద్దున లేవగానే ఏం మింగుతావు నాయనా? ఛాతీలో మంటగా ఉంటే ఏం వేసుకుంటావమ్మా? మోకాలి నొప్పికి ఏమిచ్చారు?" అని విడివిడిగా అడగాలి. స్ట్రిప్పు వెనక ఒమెప్రజోల్, పాంటోప్రజోల్, రాబెప్రజోల్, ఇసోమెప్రజోల్ అని "ప్రజోల్"తో ముగిసే పేరు ఉంటే అదే దొంగ. ఫామోటిడిన్, రానిటిడిన్ కూడా ఆ కోవలోవే. కొన్ని నొప్పి క్యాప్సూల్స్‌లో గ్యాస్ మందు కలిపే వస్తుంది. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళతో కీళ్ళు పట్టేసి ఏళ్ళ తరబడి నొప్పి బిళ్ళల మీద ఉన్నవాళ్ళు ఇది మరీ జాగ్రత్తగా చూడాలి. మనిషికి తను గ్యాస్ మందు మింగుతున్నట్టే తెలియదు.

"పొద్దున ఇది, రాత్రి అది, వేళ మారిస్తే సరిపోతుందిగా" అని అందరూ అడుగుతారు. సరిపోదు. ప్రజోల్ మందులు రోజంతా ఆమ్లాన్ని అణిచే ఉంచుతాయి. ఫామోటిడిన్‌ను డాసాటినిబ్‌కు పది గంటల ముందు ఇచ్చి చూసినా అందే మందు 61 శాతం పడిపోయింది.

ఇప్పుడు పరిష్కారం. ముందుగా, కడుపులో పుండు పడి రక్తం పోయినవాళ్ళు, గుండెకు స్టెంటు వేసి రక్తం పలుచబరిచే మందుల మీద ఉన్నవాళ్ళు గ్యాస్ బిళ్ళ సొంతంగా ఆపకూడదు. స్ట్రిప్పు ఫోటో తీసి క్యాన్సర్ డాక్టరుకు పంపండి, ఏది మార్చాలో వాళ్ళు తేలుస్తారు. ఉత్త ఛాతీ మంటకే వాడుతున్నవాళ్ళు డాక్టరుకు చెప్పి ఆపేయవచ్చు. ఆపిన మొదటి రెండు మూడు వారాలు మంట మునుపటి కంటే ఎక్కువ రావచ్చు. ఇన్నాళ్ళు అణిగి ఉన్న ఆమ్లం ఒక్కసారి ఎగదన్నడమే అది. జబ్బు ముదిరిందనుకుని మళ్ళీ గ్యాస్ బిళ్ళ వేసుకునేది సరిగ్గా ఈ వారాల్లోనే. ఓర్చుకుంటే సర్దుకుంటుంది. అప్పటిదాకా డైజీన్, జెలుసిల్ లాంటి తెల్లటి జెల్ వాడుకోవచ్చు. దాని పని కాసేపే. డాసాటినిబ్‌కు రెండు గంటలు ముందైనా, రెండు గంటలు తరువాతైనా తాగాలి. బిళ్ళ పొద్దున 8కి అయితే జెల్ ఉదయం 6 లోపు, లేదంటే 10 తరువాత. రాత్రి భోజనం ఏడింటికల్లా ముగించి, మూడు గంటలు ఆగి పడుకోండి. మంచం తలవైపు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టండి. రాత్రి పూట చేపల పులుసు, కారం దోశ కొన్నాళ్ళు మధ్యాహ్నానికి మార్చుకోండి.

పీసీఆర్ అంకె పెరిగిందని డోసు పెంచబోతున్నా, మందు మార్చబోతున్నా, మ్యుటేషన్ (మందుకు లొంగకుండా జబ్బు జన్యువులో వచ్చే మార్పు) పరీక్షకు పంపుతున్నా ఈ గ్యాస్ బిళ్ళ సంగతి ముందే నోరు విప్పి చెప్పండి. ఎన్నాళ్ళు వాడారో, ఎప్పుడు ఆపారో తేదీలతో సహా. మ్యుటేషన్ నిజంగా ఉండొచ్చు, అది డాక్టరు చూసుకుంటారు. కానీ సగం మందు అందని మనిషికి మందు పనిచేయలేదని తీర్మానం చేస్తే, పనికొచ్చే మందు ఒకటి శాశ్వతంగా చేజారుతుంది.

నిలోటినిబ్‌కూ ప్రజోల్ మందులు పనికిరావు. పైగా చాలా గ్యాస్ క్యాప్సూల్స్‌లో డోంపెరిడోన్ కలిసి ఉంటుంది. నిలోటినిబ్‌తో అది గుండె లయను దెబ్బతీసే ప్రమాదం ఉంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కిచ్చే ఎర్లోటినిబ్, జెఫిటినిబ్, కిడ్నీ క్యాన్సర్‌కిచ్చే పాజోపానిబ్‌కూ ఆమ్లం కావాలి. ఎర్లోటినిబ్ వేసుకునేవాళ్ళు చుట్ట, బీడీ, సిగరెట్ కూడా ఆపాలి. పొగ తాగేవారి ఒంట్లో ఈ మందు సగానికి పైగా విరిగిపోతుంది. టంగుటూరు, కొండపి లాంటి పొగాకు ఊళ్ళలో ఈ మాట మెత్తగా చెప్తే సరిపోదు.

మిగతావి, క్లుప్తంగా

తిండి వేళ తారుమారైతే కూడా ఫలితం తారుమారవుతుంది. కెపెసిటబిన్ తిన్న అరగంటలోపు. నిలోటినిబ్ తిన్న రెండు గంటలకు, వేసుకున్నాక మరో గంట ఏమీ తినకుండా. ప్రోస్టేట్ క్యాన్సర్‌కిచ్చే అబిరాటెరోన్ ఖాళీ కడుపున. నూనె, నెయ్యి బాగా ఉన్న భోజనంతో వేసుకుంటే ఒంట్లోకి పదింతల దాకా ఎక్కుతుంది.

తామరకు ఇట్రాకొనజోల్ ఇస్తే డాసాటినిబ్, నిలోటినిబ్ లాంటివి రక్తంలో పెరుగుతాయి. టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కు ఫెనిటాయిన్ అయితే తగ్గుతాయి. పంపరపనస మానేయండి. నాటు మందులు కోర్సు అయ్యేదాకా వద్దు. కెపెసిటబిన్‌ను విరిచే ఎంజైమ్ పుట్టుకతోనే లేనివాళ్ళు అరుదు. మొదటి సైకిల్ మొదటి రోజుల్లోనే ఒళ్ళు విపరీతంగా చెడితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి, ఆ సంగతి అక్కడ తేలుస్తారు.

వాంతి అయింది, పూట తప్పింది

బిళ్ళ మింగాక వాంతి అయితే మళ్ళీ వేయొద్దు, తరువాతి పూట మామూలుగా వేసుకోండి. పూట తప్పితే రెండింతలు వేయొద్దు. తప్పిన తేదీ క్యాలెండరు మీద రాసి ఉంచితే చాలు. ఎక్కువగా తప్పేది చెకప్‌కు ప్రయాణమైన రోజే. పినాకినిలో చెన్నైకి వెళ్ళే రోజున బిళ్ళల డబ్బా పెద్ద సంచి అడుగున ఉండిపోతుంది, టిఫిన్ రైల్లో అయిపోతుంది. ఆ రోజు పూటకు కావలసిన బిళ్ళలు వాటి స్ట్రిప్పుతో సహా కత్తిరించి, మూతి బిగించిన కవరులో టికెట్టు పక్కనే పెట్టుకోండి. మంచం మీద కుమ్మరించిన మిగతా మందులన్నీ కూడా అదే సంచిలో డాక్టరు బల్ల మీదికి చేరాలి, ఖాళీ స్ట్రిప్పులతో సహా.