తుపాన్లు రాకముందే: కొత్తగా చెయిన్ రంపం కొన్నవాళ్లకు

అక్టోబరు దాటితే మన నెల్లూరు, ప్రకాశం తీరానికి వాయుగుండాల వరస మొదలు. దారికి అడ్డంపడ్డ చెట్టు దగ్గరికి మిషన్ పట్టుకుపోయే ముందు ఇవి చూసుకోండి.

కొమ్మల్లో కరెంటు తీగ చిక్కుకుని ఉంటే లైన్‌మన్ సరఫరా ఆపాడని తేలేదాకా దగ్గరికే పోవద్దు.

బార్, అంటే చెయిన్ చుట్టూ తిరిగే పొడవాటి రేకు, దాని మొన పైఅంచు దేనికీ తగలకూడదు. తగిలితే రంపం ఎగిరి ముఖం మీదికొస్తుంది.

ఉత్త పెట్రోలు పోయొద్దు. టూ స్ట్రోక్ ఇంజనుకి పెట్రోల్లో కలిపిన టూ టీ ఆయిలే ఆధారం. అది లేకుంటే పిస్టన్ పట్టేస్తుంది. మొదటి ఏడాది నేను చేసిన ఘనకార్యం ఇదే, రిపేరు బిల్లు చూసి నోట మాట రాలేదు.

పెట్రోలు, ఆయిల్ పాళ్లు 50:1 అంటే లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల ఆయిల్, 25:1 అంటే 40. మీ మిషన్‌ది ఏదో దాని పుస్తకంలో ఉంటుంది. "రెండు మూతలు పొయ్యన్నా" లెక్క వద్దు.

నిరుడు మిగిలిన పెట్రోలు వాడొద్దు. అందులోని ఇథనాల్ తేమ పీల్చి కార్బురేటర్‌ని పాడుచేస్తుంది. నెలకి సరిపడానే కలుపుకోండి.

పెట్రోలు పోసిన ప్రతిసారీ చెయిన్ ఆయిలూ నింపండి. తెల్లటి అట్టముక్క వైపు బార్ మొన చూపించి, తగలకుండా రేజ్ చేస్తే, సన్నటి నూనె గీత పడాలి.

చెయిన్ టెన్షన్ మిషన్ చల్లారాకే చూడండి. కింద వేలాడకూడదు, గ్లౌజు చేత్తో లాగితే జారాలి.

పేళ్లకు బదులు పిండిలా పొడి రాలుతుంటే పళ్లు మొద్దుబారినట్టే. ఆకురాయి పట్టండి, బలంగా నొక్కి కోయకండి.