మలాక్సా ట్రాక్టరు, దాని వెనుక ఫిరంగి: 1/35 కొలతలో నమూనా కట్టే విధానం

రెండో ప్రపంచ యుద్ధపు వాహనాల నమూనాలు కట్టేవారిలో ఎక్కువమంది చూపు పెద్ద ట్యాంకుల మీదే ఉంటుంది. రుమేనియా సైన్యం తన ట్యాంకు వ్యతిరేక ఫిరంగులను లాగించిన మలాక్సా యూఈ అనే చిన్న కవచ ట్రాక్టరును కట్టదలచినవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. ఈ బండిలో ముందుగా గ్రహించవలసినది దాని పొట్టితనం. నేల నుంచి దాని ఎత్తు సుమారు 1.25 మీటర్లే కనుక, పక్కన నిలబడ్డ సైనికుడి ఛాతీని అది దాటదు. ఈ ఒక్క సంగతి నమూనాలో కనబడకపోతే, మిగతా పనితనం ఎంత బాగున్నా చూసినవారు దానిని ఏదో చిన్న ట్యాంకు అనుకుని వెళ్ళిపోతారు.

ఏ బండిని కడుతున్నామో తెలిస్తే కొనవలసిన సామగ్రి ఏమిటో తేలుతుంది. ఫ్రాన్సులో రెనో సంస్థ 1930ల తొలినాళ్ళలో రూపొందించిన యూఈ ట్రాక్టరును, బుకారెస్ట్‌లో రైలు ఇంజన్లకు పేరుబడ్డ మలాక్సా కర్మాగారం లైసెన్సు తీసుకుని తయారు చేసింది. ఇంజను వంటి కీలక భాగాలు ఫ్రాన్సు నుంచే రావలసి ఉండడం వల్ల, 1940 జూన్‌లో ఆ దేశం జర్మనీకి లొంగిపోవడంతో ఆ సరఫరా తెగిపోయింది. 1941 మార్చి నాటికి 126 బండ్లు తయారయ్యాక ఉత్పత్తి ఆగిపోయింది. ఆ తరువాత జర్మన్లు తాము పట్టుకున్న ఫ్రెంచి యూఈలను కొన్నింటిని రుమేనియాకు ఇచ్చారు. అందువల్ల టమియా సంస్థ 1/35 కొలతలో తెచ్చిన ఫ్రెంచి యూఈ ప్లాస్టిక్ కిట్టును రుమేనియా రంగుల్లో కట్టినా చరిత్ర దృష్ట్యా తప్పు పట్టేవారు ఉండరు. అయితే ఆ కిట్టు విశాఖపట్నంలో దుకాణానికి వెళ్ళి చేతపట్టుకుని వచ్చే వస్తువు కాదు, తెప్పించుకోవలసిందే. అట్టతో కట్టడమే నాకు ఇష్టం, కాబట్టి ఇకపై చెప్పేది ఆ పద్ధతే.

అసలు బండి పొడవు సుమారు 2.80 మీటర్లు, వెడల్పు సుమారు 1.74 మీటర్లు. వీటిని 35తో భాగిస్తే నమూనా పొడవు 80 మిల్లీమీటర్లు, వెడల్పు 50 మిల్లీమీటర్లు, ఎత్తు 36 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ వస్తాయి. దాని కవచం ఎక్కడా 9 మిల్లీమీటర్లకు మించదు, అంటే మన కొలతలో పావు మిల్లీమీటరు. ఇంట్లో మిగిలిపోయిన పెళ్ళి శుభలేఖల అట్ట ఇంచుమించు ఈ మందంలోనే దొరుకుతుంది. అదే కొలతలో సోవియట్ టీ-34 ట్యాంకు ముందు పలక కట్టాలంటే 1.3 మిల్లీమీటర్ల అట్ట కావాలి. రెండు అట్టలనూ పక్కపక్కన పెట్టి వేలితో వంచి చూసినవారికి ఈ ట్రాక్టరు తుపాకీ గుళ్ళనూ పేలిన గుండ్ల తునకలనూ మాత్రమే ఆపగలిగేదని వేరే చెప్పనక్కరలేదు.

పెట్టెలాంటి శరీరాన్ని ముందుగా లోపలి అడ్డుపలకలతో నిలబెట్టి, ఆ తరువాతే పైపలకలు అంటించాలి. లేకపోతే ఇంత పలుచని అట్ట మన గాలిలోని తేమకు వంకర తిరుగుతుంది. ఇద్దరు సిబ్బంది ఇంజనుకు చెరో పక్కన కూర్చునేవారు. బండి మరీ పొట్టిది కావడంతో వారి తలలు పైకప్పు మీదికి వచ్చేవి, కాల్పులు జరిగే చోట తలలకు రక్షణగా చెరో అర్ధగోళాకార కవచ టోపీని దించుకునేవారు. ఈ రెండు బుడిపెలే బండికి ముఖం వంటివి. ఖాళీ అయిన గుండ్రని మాత్రల పట్టీ నుంచి రెండు బుడగలు కత్తిరించి, లోపల ఎం-సీల్ నింపి, గట్టిపడ్డాక పైన అతికిస్తే చక్కగా కుదురుతాయి. వాటి ముందు తుపాకీ మాత్రం పెట్టవద్దు. ఫిరంగినీ సామాన్లనూ మోయడానికి పుట్టిన ఈ బండికి ఆయుధమంటూ లేదు. ఛాయాచిత్రాల్లో తుపాకీతో కనబడే యూఈలు చాలావరకు జర్మన్లు తమ అవసరానికి మార్చుకున్నవి.

చక్రాల దగ్గర ఓపిక కావాలి. ఒక్కో పక్క నేలను తాకే చిన్న చక్రాలు ఆరు, రెండేసి చొప్పున మూడు జతలుగా ఉంటాయి. పెద్ద తోలు పంచ్‌తో ఒకే మందం బిళ్ళలు కొట్టుకుంటే పని సులువవుతుంది.

ఇక ఫిరంగి. మలాక్సా ట్రాక్టరు వెనుక ఎక్కువగా ఉండవలసినది ష్నైడర్ 47 మిల్లీమీటర్ల ఫిరంగి. కిట్టుల నుంచి మిగిలిన భాగాలు చేతిలో ఉన్నవారు రుమేనియా సైన్యం వాడిన బోఫోర్స్ 37 మిల్లీమీటర్ల ఫిరంగిని కూడా విడిగా కట్టి పక్కన పెట్టుకోవచ్చు. దాని గొట్టం వ్యాసానికి 45 రెట్ల పొడవు ఉంటుంది కనుక నమూనాలో 48 మిల్లీమీటర్లకు వస్తుంది, సైనికుడి బొమ్మ ఎత్తు కూడా అంతే. ఒక చివర సన్నబడే కొబ్బరి ఈనెను నున్నగా గీకితే గొట్టానికి సరిపోతుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, పేరు బాగుందని రేషిత్సా 75 మిల్లీమీటర్ల ఫిరంగిని ఈ ట్రాక్టరుకు తగిలించడం. కర్నల్ వలేరియన్ నెస్టోరెస్కు రూపొందించిన ఆ 1943 నాటి ఫిరంగి టన్నున్నర దాకా బరువుంటుంది, ఈ ట్రాక్టరేమో రెండున్నర టన్నులకు పైగా మాత్రమే తూగుతుంది. 37, 47 మిల్లీమీటర్ల ఫిరంగులు టీ-34ల ముందు నిలవలేవని 1942 నవంబరులో రష్యాలోని డాన్ నది దగ్గర రుమేనియా మూడో సైన్యం తెలుసుకున్న తరువాతి కాలపు ఆయుధం అది.

అందుకే దృశ్యాన్ని 1941 వేసవిలో, నల్లసముద్రపు రేవుపట్నమైన ఒదెస్సాను రుమేనియా సైన్యం ముట్టడించిన నాటి దారి మీద నిలపమని నా సలహా. బండికి ఖాకీ రంగు వేసి, పైభాగాన తెల్లని మిహాయ్ శిలువ గీయాలి. రుమేనియా రాజు మిహాయ్ పేరులోని ఇంగ్లీషు ఎం అక్షరాలు నాలుగు వైపులా తిరిగినట్టుండే గుర్తు అది. స్ప్రే లక్కర్‌ను వానాకాలంలో వాడకూడదు. జూలైలో ఒక మధ్యాహ్నం తొందరపడి కొట్టిన పొర గంటలో పాలవిరుగుడులా తెల్లబడి, మొత్తం గీకి మళ్ళీ వేసుకోవలసి వచ్చింది. నీటితో కలిపే యాక్రిలిక్‌ను కుంచెతో పలుచగా మూడు సార్లు వేయడం మేలు.

మురికి పూసేటప్పుడు మన కళ్ళే మనల్ని మోసం చేస్తాయి. బీచ్ రోడ్డు మీద తిరిగేవారికి ఇనుమంటే ఉప్పుగాలికి పొరలు పొరలుగా లేచిన తుప్పే గుర్తొస్తుంది. మట్టి అంటే భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల రంగే చేతికి వస్తుంది. ఒదెస్సా చుట్టూ ఉన్నది నల్లనేల, మన నల్లరేగడికి దగ్గరి రంగు, వేసవిలో ఎండి బూడిద రంగు దుమ్ము అవుతుంది. కాబట్టి తుప్పును గొలుసు చక్రాల కీళ్ళ దగ్గరే సన్నగా ఉంచి, మిగతా అంతటా బూడిద, నలుపు కలిపిన దుమ్ము అద్దండి. బండికి అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు.

చివరగా ఒక సైనికుడి బొమ్మను తప్పనిసరిగా పక్కన నిలబెట్టండి. జర్మన్ బొమ్మను తెచ్చి రంగు మార్చి సరిపెట్టకూడదు, రుమేనియా వారు 1939 నుంచి ధరించినది డచ్చి నమూనా హెల్మెట్. అంచు చుట్టూ చిన్న పట్టీ అంటిస్తే ఆ ఆకారం వస్తుంది. ఫిరంగి వెనుక ఉండే పొడవాటి కాళ్ళు రెండూ దగ్గరకు చేర్చి, గొట్టం వెనక్కి చూసేలా ట్రాక్టరు కొక్కేనికి తగిలించండి. అక్కడ మాత్రం జిగురు వేయకుండా వదిలేస్తే, ఎప్పుడైనా విడదీసి కాళ్ళు చాచి కాల్పులకు సిద్ధమైన ఫిరంగిగానూ చూపవచ్చు.