కుక్క వేట గుణం చూసే ముందు జాగ్రత్తలు

కుక్క ఎంత చురుగ్గా వెంటాడుతుందో చూడటానికి ప్రాణమున్న ఎర అక్కర్లేదు. కర్రకు తాడు, దాని చివర పాత గుడ్డ పీలిక కట్టి ముందు ఆడిస్తే చాలు. కుందేలు మీదకో అడవిపంది మీదకో ఉసిగొల్పడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పెంపుడు కోడిని ఎరగా కట్టడమూ హింసే, దయచేసి వద్దు.

బయల్దేరే ముందు:

• స్థలం చూసుకోండి. కోతలయ్యాక పొలాలు ఖాళీగా కనిపిస్తాయి గానీ వరి కొయ్యకాళ్లు కుక్క అరికాళ్లలో దిగుతాయి. పచ్చిక మైదానం మేలు. చుట్టుపక్కల మేకల మంద, నేలబావి ఉండకూడదు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురం వైపు, విదేశీ పక్షులు దిగే కాలంలో అసలు వెళ్లొద్దు.

• కుక్కను పట్టుకునే పొడవాటి తాడును మెడపట్టీకి కట్టకండి, ఛాతీ బెల్టుకు కట్టండి. పరుగులో తాడు ఒక్కసారిగా బిగిస్తే గొంతు దెబ్బతింటుంది.

• రేబిస్ టీకా వేయించి ఉండాలి. కడుపు నిండా తిన్న వెంటనే పరిగెత్తించకూడదు.

• ఎండే అసలు టెన్షన్. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే చల్లబడాలి. మన తీరప్రాంతపు ఉక్కలో అది ఇంకా కష్టం. తెల్లవారుజామునే వెళ్లండి. నాలుక వెడల్పుగా వేలాడి, చిగుళ్లు బాగా ఎర్రబడి, చొంగ చిక్కబడితే ఆపేయండి. నీడకు తెచ్చి ఒళ్లు తడిపి, వెంటనే పశువుల డాక్టరుకు చూపించండి.

• ఏడాది నిండని పిల్లతో గెంతులు, గిర్రున మలుపులు వద్దు. కీళ్లు ఇంకా గట్టిపడవు.

• "వదులు" అంటే వదలడం ముందే నేర్పండి. మధ్యమధ్యలో గుడ్డను దానికి దొరకనివ్వండి, లేకపోతే చిరాకు పడుతుంది. వాసన చూసి ఊరుకుంటే బలవంతపెట్టకండి.