ఐ-693 మెడికల్: సూది కన్నా ముందు కాగితం

అమెరికాలో ఉంటూ గ్రీన్‌కార్డుకి ఐ-485 వేసే దంపతులకి మెడికల్ పరీక్ష తప్పదు. పరీక్ష ఫీజు ఎలాగూ ఉంటుంది. బిల్లు పెరిగేది మాత్రం ఎక్కువగా టీకాల దగ్గరే. ఈ పరీక్ష చేసే డాక్టర్‌ని సివిల్ సర్జన్ అంటారు. ఆయన ఎంత తీసుకోవాలో ప్రభుత్వం నిర్ణయించలేదు, అందుకే ఒక్కో క్లినిక్‌ది ఒక్కో రేటు. ఉద్యోగం చేస్తున్నవాళ్ళకి ఎలాగోలా గడిచిపోతుంది. పెళ్ళై కొత్తగా వచ్చిన భార్యకో భర్తకో చిన్నప్పటి టీకా కార్డు దొరకదు, ఇన్సూరెన్స్‌లో పేరు ఇంకా ఎక్కి ఉండదు. దెబ్బ తగిలేది వాళ్ళకే.

2024 డిసెంబరు 2 నుంచి ఈ మెడికల్ ఫలితాలు రాసే ఐ-693 ఫారం ఐ-485తో పాటే పెట్టాలి, లేకపోతే మొత్తం అప్లికేషన్ తిరిగి రావచ్చు. వీసా బులెటిన్‌లో (గ్రీన్‌కార్డు వరుసలో ఎవరి వంతు వచ్చిందో ప్రతి నెలా చెప్పే ప్రభుత్వ ప్రకటన) తేదీ కదిలిన వారం అందరూ ఒక్కసారే క్లినిక్‌ల మీద పడతారు. అప్పుడు అపాయింట్‌మెంట్ దొరికితే చాలు అనిపిస్తుంది, నాలుగు చోట్ల రేటు కనుక్కునే తీరిక ఉండదు. టీకాలు మాత్రం నెలల ముందే వేయించి పెట్టుకోవచ్చు. డాక్టర్ సంతకం అయ్యాక 60 రోజుల్లోపే ఫైల్ చేయాలన్న పాత నియమం 2023 మార్చి 31న తీసేశారు. ఆ మాట ఇంకా ఎవరైనా చెబితే కంగారు పడకండి.

పెద్దవాళ్ళకి అడిగే టీకాలు ఇవి. టీడాప్ లేదా టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి, టీడాప్‌లో కోరింత దగ్గు కూడా ఉంటుంది), పదేళ్ళలోపు వేయించినదై ఉండాలి. 1957లోగానీ ఆ తర్వాతగానీ పుట్టినవాళ్ళకి ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా). ఆటలమ్మ టీకా, అంటే వారిసెల్లా. 59 ఏళ్ళ వరకు హెపటైటిస్-బి. అక్టోబరు 1 నుంచి మార్చి 31 మధ్య పరీక్ష అయితే ఫ్లూ షాట్ కూడా. పోలియో కార్డు ఉంటే అదీ వెంట తీసుకెళ్ళండి. కోవిడ్ టీకా అడగడం 2025 జనవరిలో ఆపేశారు. హెచ్‌పీవీ, షింగిల్స్ టీకాలు ఈ జాబితాలో 2009 నుంచే లేవు. ఎవరైనా అంటగడితే అది మీ ఆరోగ్యానికి పనికొస్తుందేమో గానీ ఫారానికి కాదు.

డబ్బు మిగిల్చే నియమం ఒకటుంది, చాలామందికి తెలియదు. కోర్సు మొత్తం పూర్తి కానక్కర్లేదు. హెపటైటిస్-బి మూడు డోసుల కోర్సు ఆరు నెలలు పడుతుంది. మెడికల్‌కి మాత్రం రికార్డు లేని ప్రతి టీకాకీ ఒక్క డోసు పడితే చాలు. తర్వాతి డోసుకి గడువు రాలేదని సివిల్ సర్జన్ ఫారంలో గుర్తు పెట్టి సంతకం చేస్తారు. మిగతా డోసులు తర్వాత ఇన్సూరెన్స్ మీద తీరిగ్గా వేయించుకోవచ్చు.

ఇక ఇండియా నుంచి తెచ్చే కాగితాల సంగతి. పొరపాట్లు ఎక్కువ జరిగేది ఇక్కడే. 2017 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడుల్లో 15 ఏళ్ళలోపు పిల్లలందరికీ ఎంఆర్ టీకా వేశారు. ఇప్పుడు ఇరవైల మొదట్లో ఉన్న చాలామంది దగ్గర ఆ కార్డు ఉంటుంది. కానీ అందులో ఉన్నది తట్టు, రుబెల్లా మాత్రమే. గవదబిళ్ళల టీకా అందులో లేదు కాబట్టి అది ఎంఎంఆర్‌కి సరిపోదు. దెబ్బ తగిలినప్పుడు వేయించుకున్న టీటీ సూదిదీ అదే కథ. అది ఒక్క ధనుర్వాతానికే, కంఠసర్పి అందులో లేదు.

ఇంకా విమానం ఎక్కకపోతే ఈ సూదులు అక్కడే వేయించుకుని రావడం అన్నిటికన్నా చవక. ఎంఎంఆర్, వారిసెల్లా పెద్దాసుపత్రుల్లోనే కాదు, పిల్లల డాక్టర్ దగ్గర కూడా దొరుకుతాయి. ఆ రెండూ ఒకే రోజు వేయించుకోవాలి. కుదరకపోతే మధ్యలో కనీసం 28 రోజులు ఉండాలి. తర్వాత లెటర్‌హెడ్ మీద పాస్‌పోర్టులో ఉన్నట్టే పూర్తి పేరు, పుట్టిన తేదీ, టీకా పేరు, బ్యాచ్ నంబరు, వేసిన తేదీ, డాక్టర్ సంతకం, స్టాంపు ఉండేలా రాయించుకోండి. ఇంటిపేరుకి ఒక్క పొడి అక్షరం రాసి వదిలేస్తే ఇక్కడ అది వేరే మనిషి కాగితంలా కనబడుతుంది. నెలని అంకెల్లో రాయనివ్వకండి. 05/08/2024 అని మనవాళ్ళు రాసేది ఆగస్టు 5, అమెరికా డాక్టర్ చదివేది మే 8. 'ఆగస్టు' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాయిస్తే గొడవ ఉండదు.

ఇప్పటికే అమెరికాలో ఉంటే సూదులు సివిల్ సర్జన్ దగ్గరే వేయించుకోవాలని ఎక్కడా లేదు. కంపెనీ ఇన్సూరెన్స్ ఉంటే పైన చెప్పిన టీకాలు నెట్‌వర్క్‌లో ఉన్న సీవీఎస్, వాల్‌గ్రీన్స్ లాంటి ఫార్మసీల్లో సాధారణంగా ఉచితం. పెళ్ళి అయిన 30 రోజుల్లోపు భాగస్వామి పేరు ఇన్సూరెన్స్‌లో చేర్పించండి. ఆ గడువు దాటితే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ఏడాదికోసారి పేర్లు చేర్చుకునే సమయం) దాకా ఆగాల్సి రావచ్చు. విజిటర్ ఇన్సూరెన్స్‌ని నమ్ముకోకండి, అది మామూలుగా టీకాలకి డబ్బు ఇవ్వదు. ఇన్సూరెన్స్ అసలు లేకపోతే కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేసి, ఇన్సూరెన్స్ లేని పెద్దవాళ్ళకి టీకాలు ఉన్నాయా అని అడగండి. ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకునే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు కూడా ఉంటాయి. వారిసెల్లా ఫ్రీజర్‌లో ఉంచాల్సిన మందు కాబట్టి అన్ని ఫార్మసీల్లో ఉండదు, వెళ్ళేముందే ఫోన్ చేయండి. సూది వేశాక డబ్బు కట్టిన రసీదు కాదు, టీకా రికార్డు ప్రింటు అడిగి తీసుకోండి.

వరుస తప్పితే ఇంతా చేసి నెల పోతుంది. రెండేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ క్షయ కోసం ఐజీఆర్ఏ అనే రక్తపరీక్ష ఉంటుంది. ఎంఎంఆర్, వారిసెల్లా బతికున్న వైరస్‌తో చేసిన టీకాలు. వేసిన తర్వాత కొన్ని వారాలు ఆ రక్తపరీక్ష ఫలితం తప్పుగా రావచ్చు. అందుకని అదే రోజు రక్తం ఇవ్వాలి, లేదా నాలుగు వారాలు ఆగాలి. తేలికైన దారి ఇది: పాత కాగితాలతో మొదట సివిల్ సర్జన్ దగ్గరికి వెళ్ళి రక్తం ఇచ్చేయండి, తక్కువైన టీకాలేవో రాయించుకోండి, అవి ఫార్మసీలో వేయించుకుని, ఆ ప్రింటుతో సంతకానికి రెండోసారి వెళ్ళండి. రెండోసారికి వేరే ఫీజు ఉందా అని ముందే అడగాలి.

బీసీజీ (చిన్నప్పుడు వేసే క్షయ టీకా) మచ్చ చూసి భయపడనక్కర్లేదు, ఐజీఆర్ఏ మీద దాని ప్రభావం ఉండదు. పాజిటివ్ వస్తే ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, దానికి విడిగా బిల్లు. ఎక్స్‌రే శుభ్రంగా ఉంటే గ్రీన్‌కార్డుకి అడ్డు కాదు. 18 నుంచి 44 ఏళ్ళ వాళ్ళకి సిఫిలిస్, 24 ఏళ్ళ వరకు గనోరియా పరీక్షలు కూడా ఉంటాయి. ఫోన్‌లో చెప్పిన రేటులో ఇవన్నీ కలిశాయా, లేదా ల్యాబ్ బిల్లు ఇంటికి వస్తుందా అన్నది తేల్చుకోండి.

కాగితం లేనప్పుడు టైటర్ పరీక్ష చేయించమంటారు. రక్తంలో రక్షణ ఉందని తేలితే సూది అక్కర్లేదు, నిజమే. కానీ ఎంఎంఆర్‌కి మూడు జబ్బులకీ రక్షణ కనిపించాలి. గవదబిళ్ళలకి ఒక్కదానికి లేకపోయినా సూది తప్పదు, టైటర్ డబ్బు దండగ. సూది ఇన్సూరెన్స్ మీద ఉచితంగా వస్తుంటే టైటర్ జోలికి పోవద్దు, ఇంతకుముందు వేసుకున్న టీకా మళ్ళీ ఒకసారి పడినా నష్టం లేదు. ఆటలమ్మ వచ్చి తగ్గినవాళ్ళు ఆ సంగతి డాక్టర్‌కి చెప్పాలి. ఏ వయసులో వచ్చింది, పొక్కులు ఎలా లేచాయి అన్నది స్పష్టంగా చెబితే ఆ చరిత్రనే రుజువుగా తీసుకునే వీలుంది.

గర్భం ఉన్నా, ఉందేమోనని అనుమానం ఉన్నా సూదికి ముందే చెప్పాలి. ఎంఎంఆర్, వారిసెల్లా అప్పుడు వేయరు. వేయకూడని పరిస్థితి అని డాక్టర్ ఫారంలో రాస్తే సరిపోతుంది. ఈ రెండు టీకాలు వేయించుకున్నాక నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. ఫ్లూ షాట్, టీడాప్‌లకి ఈ అడ్డు లేదు.

కె-1 (అమెరికా పౌరులని పెళ్ళి చేసుకోబోయేవాళ్ళకి ఇచ్చే వీసా) మీద వచ్చినవాళ్ళకి ఇండియాలో చేసిన మెడికల్ ఏడాదిలోపుదైతే మొత్తం పరీక్ష మళ్ళీ అక్కర్లేదు. అక్కడ టీకాలు పూర్తి కాకపోతే టీకాల భాగం ఒక్కటే సివిల్ సర్జన్ దగ్గర నింపించుకోవాలి. కొన్ని క్లినిక్‌లు తెలియక పూర్తి ప్యాకేజీ అంటాయి, ముందే చెప్పండి.

చివర్లో ఫారం సీలు వేసిన కవరులో ఇస్తారు. అంటించకముందే మీ కాపీ అడిగి, అక్కడే కూర్చుని పేరు, పుట్టిన తేదీ, ప్రతి టీకా గడిలో తేదీ, డాక్టర్ సంతకం చూసుకోండి. కవరు మీ చేతికొచ్చాక విప్పకూడదు, విప్పితే చెల్లదు. కాపీని ఇంట్లో జాగ్రత్తగా దాచండి. 2025 జూన్ 11 నుంచి అప్లికేషన్ తిరస్కరించినా, మీరే వెనక్కి తీసుకున్నా దానితో పెట్టిన ఐ-693 పనికిరాదు. కొత్త మెడికల్‌కి వెళ్ళాల్సి వస్తే టీకాల తేదీలు ఆ కాపీలోనే దొరుకుతాయి.