పాడ్‌లన్నీ రన్నింగ్, సైటు మాత్రం తెరుచుకోదు: కుబర్నెటిస్‌లో రిక్వెస్టు ఎక్కడ ఆగిందో పట్టుకోవడం ఎలా

300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం కోటా విడుదలైందంటే, టికెట్ దొరికినవాళ్ళు ఆ వెంటనే తిరుపతిలో గది వెతుక్కుంటారు. లాడ్జి బుకింగ్ సైటు సరిగ్గా ఆ గంటలోనే 502 ఎర్రర్ చూపిస్తే, కుబర్నెటిస్ క్లస్టర్‌లో (కంటైనర్లు నడిపే మిషన్ల గుంపులో) పాడ్‌లన్నీ, అంటే యాప్ నడిచే కంటైనర్లన్నీ, ‘రన్నింగ్’ అని కనిపిస్తున్నా ఏం లాభం? అలాంటప్పుడు చాలామంది ఇంగ్రెస్ (బయటి రిక్వెస్టు ఏ యాప్‌కి వెళ్ళాలో చెప్పే రూల్స్) యామల్ ఫైలు తెరిచి ఒక్కో లైనూ మార్చి చూస్తుంటారు. దయచేసి ఆ పని చెయ్యకండి. అలిపిరి తనిఖీ దగ్గర నిలిచిపోయిన బస్సు కోసం కొండమీద వెతికితే దొరకదు. రిక్వెస్టు చివరిగా ఏ గేటు దాటిందో ముందు తేల్చుకుంటే, మార్చాల్సిన ఫైలు ఏదో అదే తెలుస్తుంది.

గేట్లు ఇవీ: డీఎన్ఎస్ (డొమైన్ పేరుకి ఐపీ చెప్పేది), తర్వాత రౌటర్ లేదా లోడ్ బాలన్సర్, తర్వాత నోడ్ (క్లస్టర్‌లోని ఒక మిషన్), ఇంగ్రెస్ కంట్రోలర్ (ఇంగ్రెస్ రూల్స్ చదివి రిక్వెస్టుని పంపే ప్రోగ్రామ్), చివరికి పాడ్. మధ్యలో సర్వీస్ ఉంటుంది కదా అంటారేమో. ఎన్‌జిన్‌ఎక్స్ ఇంగ్రెస్ అనే కంట్రోలర్ మామూలుగా సర్వీస్ ఐపీకి పంపదు. ఆ సర్వీస్ వెనకున్న పాడ్‌ల ఐపీల జాబితా తీసుకుని నేరుగా పాడ్‌కే పంపుతుంది. సర్వీస్ ఇక్కడ ఒక చిరునామా పుస్తకం మాత్రమే. ఈ సంగతి గుర్తుంటే కింద చెప్పేవి సులువుగా అర్థమవుతాయి.

ఆ జవాబు ఎవరిచ్చారు?

ఏ నంబరు వచ్చిందన్న దానికన్నా ఆ నంబరు ఎవరు పంపారన్నది ముఖ్యం. 404 వచ్చిందనుకోండి. తెల్ల పేజీ మీద 404, కింద చిన్నగా ఎన్‌జిన్‌ఎక్స్ అని ఉంటే అది కంట్రోలర్ చెప్పిన మాట: ఈ హోస్టుకి, ఈ పాత్‌కి తన దగ్గర రూల్ లేదు. అదే మీ యాప్ సొంత 404 పేజీ వస్తే రిక్వెస్టు అన్ని గేట్లూ దాటి లోపలికి వెళ్ళినట్టే. అప్పుడు చూడాల్సింది పాత్‌ని. రీరైట్ టార్గెట్ (పాత్‌ని మార్చి పంపే సెట్టింగ్) వల్ల ముందు భాగం తెగిపోయిందా, లేక తెగాల్సింది తెగకుండా వెళ్ళిందా అన్నదే ప్రశ్న.

503 అంటే చిరునామా పుస్తకం ఖాళీ అని, సర్వీస్ వెనక సిద్ధంగా ఉన్న పాడ్ ఒక్కటీ లేదని. 502 అంటే పాడ్ ఐపీ దొరికింది, తలుపు కొట్టారు, కానీ అక్కడ ఎవరూ పలకలేదు లేదా మధ్యలో పెట్టేశారు. 504 అంటే ఎదురుచూసి ఎదురుచూసి వదిలేశారు. ఏ నంబరూ రాకుండా బ్రౌజర్ గిర్రున తిరిగి టైమవుట్ అయితే రిక్వెస్టు కంట్రోలర్ దాకా రానేలేదు, సమస్య బయటుంది. వెంటనే ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ వస్తే మిషన్ దాకా వచ్చింది గానీ ఆ పోర్టు మీద వినేవాళ్ళు లేరు.

దీన్ని డీఎన్ఎస్‌తో సంబంధం లేకుండా పరీక్షించాలి. కర్ల్‌కి (టెర్మినల్ నుంచి రిక్వెస్టు పంపే టూల్) రిజాల్వ్ ఆప్షన్ ఇచ్చి డొమైన్, పోర్టు 443, కంట్రోలర్ ఐపీ ఈ మూడూ కోలన్లతో కలిపి రాయండి. హోస్ట్ పేరు, సర్టిఫికెట్ పేరు రెండూ సరిగ్గా వెళ్తాయి, డీఎన్ఎస్ మాత్రం పక్కకి తప్పుకుంటుంది. ఉత్త ఐపీని బ్రౌజర్‌లో కొట్టి 404 వచ్చిందని కంగారు పడొద్దు. హోస్ట్ పేరు లేకపోతే ఏ రూల్‌కీ సరిపోదు, 404 రావడమే సబబు.

లోపలి నుంచి బయటికి రండి

మొదటి అడుగు పాడ్. క్యూబ్‌సీటీఎల్ (క్లస్టర్‌కి ఆదేశాలిచ్చే టూల్) గెట్ పాడ్స్ కొట్టినప్పుడు ‘రన్నింగ్’ అన్న మాట చూసి తృప్తిపడకండి, పక్కనున్న ‘రెడీ’ కాలమ్ చూడండి. 0/1 అని ఉంటే రెడీనెస్ ప్రోబ్ (యాప్ సిద్ధమా అని అడిగే పరీక్ష) ఫెయిలవుతోంది, ఆ పాడ్‌కి ట్రాఫిక్ రాదు. డిస్క్రైబ్ పాడ్ కొడితే కింద ఈవెంట్లలో ప్రోబ్‌కి ఏ కోడ్ వచ్చిందో రాసి ఉంటుంది. ప్రోబ్ పాత్‌కి లాగిన్ అడిగి 401 ఇవ్వడం, యాప్ జవాబివ్వడానికి సెకను దాటుతుంటే ప్రోబ్ గడువు ఒక్క సెకనే ఉండటం తరచుగా కనిపించే తప్పులు.

ఇక్కడ చాలామందిని దారి తప్పించేది క్యూబ్‌సీటీఎల్ పోర్ట్ ఫార్వర్డ్ (మీ మిషన్ పోర్టుని నేరుగా పాడ్‌కి కలిపే ఆదేశం). పోర్ట్ ఫార్వర్డ్‌తో సైటు చక్కగా తెరుచుకుంటుంది, దాంతో యాప్ బాగానే ఉంది, ఇంగ్రెస్‌లోనే లోపం అని తీర్మానించేస్తారు. కానీ పోర్ట్ ఫార్వర్డ్ పాడ్ లోపలికి దూరి లోకల్‌హోస్ట్‌కే కనెక్ట్ అవుతుంది. యాప్ 127.0.0.1 (అదే లోకల్‌హోస్ట్) మీద మాత్రమే వింటున్నా అది పనిచేస్తుంది, ఇంగ్రెస్ ద్వారా వస్తే మాత్రం 502. నోడ్.జేఎస్, పైథాన్ యాప్‌లని డెవలప్‌మెంట్ సెట్టింగులతోనే కంటైనర్‌లో పెడితే ఇదే జరుగుతుంది. యాప్ 0.0.0.0 మీద, అంటే అన్ని చిరునామాల మీదా వినాలి. నిజం తెలియాలంటే కర్ల్ ఉన్న తాత్కాలిక పాడ్ ఒకటి లేపి, అందులోంచి మీ పాడ్ ఐపీకి, దాని పోర్టుకి నేరుగా కర్ల్ కొట్టండి. తర్వాత సర్వీస్ పేరుతో కొట్టండి. మొదటిది పనిచేసి రెండోది చెయ్యకపోతే తప్పు సర్వీస్‌లో ఉంది.

సర్వీస్‌లో తప్పు అంటే దాదాపుగా రెండే. ఒకటి, సర్వీస్ తన పాడ్‌లని ఎంచుకునే సెలెక్టర్ లేబుల్ పాడ్ లేబుల్‌తో కలవకపోవడం. పాడ్‌లని లేపే డిప్లాయ్‌మెంట్‌లో ‘లాడ్జి-వెబ్’ అని, సర్వీస్‌లో ‘లాడ్జివెబ్’ అని ఉంటే కుబర్నెటిస్ ఏ ఎర్రరూ చూపదు, జాబితా ఖాళీగా వదిలేస్తుంది. ఆ జాబితా చూపే గెట్ ఎండ్‌పాయింట్‌స్లైసెస్ కొడితే తెలిసిపోతుంది. పాత ఎండ్‌పాయింట్స్ ఆదేశం ఇంకా నడుస్తుంది గానీ 1.33 వెర్షన్ నుంచి దాన్ని వదిలెయ్యమని హెచ్చరిస్తుంది. రెండోది, పోర్టులు తారుమారవడం. పోర్ట్ అంటే సర్వీస్ తలుపు, టార్గెట్‌పోర్ట్ అంటే యాప్ వినే తలుపు, నోడ్‌పోర్ట్ అంటే నోడ్ బయటి తలుపు. నోడ్‌పోర్ట్ మామూలుగా 30000 నుంచి 32767 మధ్యే ఉంటుంది. యాప్ 8080 మీద వింటుంటే టార్గెట్‌పోర్ట్ 80 అని రాయడం వల్ల వచ్చే 502లకి లెక్కలేదు. కంటైనర్ స్పెక్‌లో రాసే కంటైనర్‌పోర్ట్ ఉత్త సమాచారం కోసమే. అక్కడ నంబరు మార్చినంత మాత్రాన యాప్ ఆ పోర్టు మీద వినడం మొదలుపెట్టదు.

కంట్రోలర్ లాగ్‌లో ఒక్క లైను

ఇంత చేశాక కంట్రోలర్ పాడ్ లాగ్ తెరవండి. లైను పొడుగ్గా ఉంటుంది. చివరి భాగం చదవడం వస్తే చాలు. స్క్వేర్ బ్రాకెట్లలో నేమ్‌స్పేస్ (క్లస్టర్‌లోని ఒక విభాగం), సర్వీస్, పోర్టు హైఫన్లతో కలిసి ఒకే పేరుగా ఉంటాయి. దాని తర్వాత పాడ్ ఐపీ, జవాబు సైజు, పట్టిన సమయం, పాడ్ ఇచ్చిన కోడ్ వరుసగా వస్తాయి.

పాడ్ ఐపీ ఉండాల్సిన చోట ఉత్త గీత ఉంటే రిక్వెస్టు పాడ్‌కి పంపనే లేదు. 10.42.1.17:8080 అన్న చిరునామా కామాలతో మూడుసార్లు, పక్కన 502, 502, 502 అని ఉంటే కంట్రోలర్ మూడుసార్లు ప్రయత్నించి ఓడిపోయిందని అర్థం. సమయం దగ్గర 5.000 లాంటి అంకెలుంటే కనెక్షనే కుదరలేదు: ఫైర్‌వాల్, నెట్‌వర్క్ పాలసీ లేదా చచ్చిపోయిన నోడ్. 60.000 ఉంటే కనెక్షన్ కుదిరింది, యాప్ జవాబు ఇవ్వలేదు: డేటాబేస్ క్వెరీ నత్తనడక నడుస్తోంది. రెండింటికీ బయట కనిపించేది అదే 504. ఈ అంకె చూడకుండా టైమవుట్‌ని 300 సెకన్లకి పెంచితే, యాత్రికుడు అయిదు నిమిషాలు ఎదురుచూసి మరీ ఎర్రర్ చూస్తాడు.

లాగ్‌లో మీ రిక్వెస్టు అసలు కనిపించకపోతే రెండు దారులు. కంట్రోలర్‌కి చేరలేదు, దాని సంగతి కింద చూద్దాం. లేదా వేరే కంట్రోలర్‌కి వెళ్తోంది. కే3ఎస్ (తేలికపాటి కుబర్నెటిస్) వేసినవాళ్ళు ఈ రెండోది తప్పక చూడాలి, దాంతోపాటే ట్రాఫిక్ (Traefik) అనే కంట్రోలర్ వచ్చి 80, 443 పోర్టుల మీద కూర్చుంటుంది. దాని పక్కనే ఎన్‌జిన్‌ఎక్స్ వేస్తే ఆ పోర్టులు దొరక్క పెండింగ్‌లో పడి ఉంటుంది. ఏదో ఒకటే ఉంచండి.

కంట్రోలర్ 404 ఇస్తుంటే గెట్ ఇంగ్రెస్ కొట్టి క్లాస్, అడ్రస్ కాలమ్‌లు చూడండి. ఇంగ్రెస్‌క్లాస్‌నేమ్ రాయకుండా, డిఫాల్ట్ క్లాస్ కూడా లేకుండా ఉంటే ఆ ఇంగ్రెస్‌ని ఏ కంట్రోలరూ పట్టించుకోదు, అడ్రస్ ఖాళీగా ఉంటుంది. పాత్ రకం ‘ఎగ్జాక్ట్’ అయితే చివర స్లాష్ ఒక్కటి ఎక్కువైనా కలవదు. ‘ప్రిఫిక్స్’ అయినా ముక్క ముక్కగా పోలుస్తుంది కాబట్టి స్లాష్ బుక్ అన్న రూల్‌కి స్లాష్ బుకింగ్ అన్న చిరునామా తగలదు.

క్లస్టర్ బయట

సొంత మిషన్ల మీద క్లస్టర్ నడిపేవాళ్ళకి సర్వీస్ రకం లోడ్‌బాలన్సర్ అని పెడితే ఎక్స్‌టర్నల్ ఐపీ మామూలుగా ‘పెండింగ్’ అనే ఉంటుంది. క్లౌడ్‌లో ఐపీ ఇచ్చేది ఆ క్లౌడ్. సొంత గదిలో ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు. ఆ పని చేసే మెటల్ఎల్‌బీ అనే సాఫ్ట్‌వేర్ వెయ్యాలి. దానికి ఐపీఅడ్రస్‌పూల్ (పంచాల్సిన ఐపీల జాబితా) ఒక్కటే రాసి ఊరుకుంటే ఐపీ కేటాయింపు జరుగుతుంది గానీ ఆ ఐపీ నాదేనని నెట్‌వర్క్‌లో చెప్పేవాళ్ళుండరు. ఎల్2అడ్వర్టైజ్‌మెంట్ కూడా రాయాలి. పూల్‌లోని ఐపీలు రౌటర్ డీహెచ్‌సీపీ పంచే వరస బయట ఉండాలి. లేకపోతే ఎవరి ఫోనుకో అదే ఐపీ వెళ్ళి సైటు వస్తూ పోతూ ఉంటుంది. అదే నెట్‌వర్క్‌లోని ఇంకో మిషన్ నుంచి ఆ ఐపీకి ఆర్ప్‌పింగ్ (ఈ ఐపీ ఎవరిదని అడిగే ఆదేశం) కొట్టండి. రెండు వేర్వేరు మ్యాక్ అడ్రసులు (నెట్‌వర్క్ కార్డుల గుర్తింపు సంఖ్యలు) జవాబిస్తే అదే తగాదా.

తర్వాత రౌటర్. చిన్న ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్ రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డ్ పెట్టే ముందు రౌటర్ పేజీలో వాన్ ఐపీ (బయటి వైపు ఐపీ) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ కనెక్షన్ సర్వీస్ ప్రొవైడర్ నాట్ (ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచే పద్ధతి) వెనక ఉంది, ఎన్ని ఫార్వర్డ్‌లు పెట్టినా బయటివాళ్ళు రాలేరు. స్టాటిక్ పబ్లిక్ ఐపీ అడగాలి, లేదా బయట ఒక చిన్న సర్వర్ తీసుకుని వైర్‌గార్డ్ అనే వీపీఎన్ టన్నెల్ వెయ్యాలి. టన్నెల్ వేస్తే ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) చూసుకోండి. వైర్‌గార్డ్ మామూలుగా 1420 పెట్టుకుంటుంది. టెక్స్ట్ పేజీలు వచ్చి గది ఫోటోల దగ్గర ఆగిపోతే ఎంఎస్ఎస్ క్లాంప్ (ప్యాకెట్లు ఆ సైజు దాటకుండా చూసే సెట్టింగ్) పెట్టాలని గుర్తు.

ఫోన్ డేటా మీద సైటు వస్తుంది, ఆఫీసు వైఫై మీద రాదు అంటే క్లస్టర్‌ని ముట్టుకోకండి. లోపలి నుంచి తన పబ్లిక్ ఐపీకే వెళ్ళే రిక్వెస్టుని రౌటర్ వెనక్కి తిప్పలేకపోతోంది. హెయిర్‌పిన్ నాట్ ఆన్ చెయ్యండి, లేదా లోపలి డీఎన్ఎస్‌లో అదే డొమైన్‌కి లోపలి ఐపీ ఇవ్వండి.

ఒకసారి వచ్చి ఒకసారి రానివి

ఇవి ఎక్కువ విసిగిస్తాయి, ఓపిగ్గా చూడాలి. పాడ్‌ల ట్రాఫిక్‌ని నోడ్‌ల మధ్య మోయడానికి ఫ్లానెల్ వీఎక్స్‌లాన్ వాడే క్లస్టర్‌లో నోడ్‌ల మధ్య యూడీపీ 8472 ఫైర్‌వాల్‌లో మూసి ఉంటే, కంట్రోలర్, యాప్ ఒకే నోడ్ మీద ఉన్నప్పుడు పనిచేస్తుంది, వేరే నోడ్ మీదున్న పాడ్‌కి వెళ్తే వేలాడుతుంది. లాగ్‌లో ఎప్పుడూ ఒకే పాడ్ ఐపీ దగ్గరే 5.000 కనిపిస్తుంటే ఇదేనని అనుమానించండి.

కంట్రోలర్ సర్వీస్‌లో ఎక్స్‌టర్నల్‌ట్రాఫిక్‌పాలసీ అనే సెట్టింగ్‌ని ‘లోకల్’ చేస్తే వచ్చినవాళ్ళ అసలు ఐపీ కనిపిస్తుంది, మంచిదే. కానీ కంట్రోలర్ పాడ్ లేని నోడ్‌కి వచ్చిన ట్రాఫిక్ నిశ్శబ్దంగా పడిపోతుంది. రౌటర్ ఒకే నోడ్ నోడ్‌పోర్ట్‌కి ఫార్వర్డ్ చేస్తూ ఉంటే, కంట్రోలర్ పాడ్ రీస్టార్టై ఇంకో నోడ్‌కి మారిన రోజు సైటు పోతుంది. కంట్రోలర్‌ని డీమన్‌సెట్‌గా అన్ని నోడ్‌ల మీదా నడపడం నయం.

కొత్త వెర్షన్ వేసిన ప్రతిసారీ కొన్ని సెకన్లు 502 వస్తే, పాడ్ ఆగిపోయిన వార్త కంట్రోలర్‌కి చేరేలోపే పాడ్ తలుపు వేసేసింది. ప్రీస్టాప్ హుక్‌లో (పాడ్ ఆగే ముందు నడిచే ఆదేశం) 10 సెకన్ల స్లీప్ పెట్టండి. పాడ్ ఆగడానికి మొత్తం గడువు డిఫాల్ట్‌గా 30 సెకన్లు కాబట్టి మిగిలిన 20 సెకన్లలో యాప్ చేతిలో ఉన్న బుకింగులు పూర్తిచేసుకోవాలి.

సర్టిఫికెట్లు, సైజులు

బ్రౌజర్‌లో ‘ఫేక్ సర్టిఫికెట్’ అన్న పేరు కనిపిస్తే కంట్రోలర్‌కి మీ సీక్రెట్ (సర్టిఫికెట్‌ని దాచే చోటు) దొరకలేదు. సీక్రెట్ ఇంగ్రెస్ ఉన్న నేమ్‌స్పేస్‌లోనే ఉండాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ 90 రోజులదైతే సర్టిఫికెట్లు తెచ్చే సర్ట్-మేనేజర్ 30 రోజుల ముందే కొత్తది అడుగుతుంది. హెచ్‌టీటీపీ పద్ధతిలో, డొమైన్ నిజంగా మీ చేతిలో ఉందా అని చూసే పరీక్ష పోర్టు 80 మీదే మొదలవుతుంది. భద్రత అని 80 మూసేస్తే ఆ క్షణం ఏమీ కాదు, నెలల తర్వాత ఒక పొద్దున సైటు మొత్తం ఎర్రగా లేస్తుంది.

‘టూ మెనీ రీడైరెక్ట్స్’ వస్తే ముందున్న లోడ్ బాలన్సర్ టీఎల్ఎస్ (హెచ్‌టీటీపీఎస్ ఎన్‌క్రిప్షన్) విప్పేసి లోపలికి మామూలు హెచ్‌టీటీపీగా పంపుతోంది, కంట్రోలర్ 308 ఇచ్చి మళ్ళీ హెచ్‌టీటీపీఎస్‌కి పొమ్మంటోంది. కంట్రోలర్ కాన్ఫిగ్‌మ్యాప్‌లో యూజ్ ఫార్వర్డెడ్ హెడర్స్ ఆన్ చెయ్యండి, అదీ ముందున్న బాలన్సర్ మీ సొంతమైతేనే.

చిత్తూరు వైపు మామిడి సీజన్‌లో తూకం చీటీల ఫోటోలు అప్‌లోడ్ చేయించుకునే సైట్లకి 413 తగులుతుంది. ఎన్‌జిన్‌ఎక్స్ ఇంగ్రెస్ డిఫాల్ట్‌గా 1 ఎంబీ దాటిన బాడీని ఒప్పుకోదు. ఫోన్ కెమెరా ఫోటో దానికి మూడు నాలుగు రెట్లుంటుంది. ప్రాక్సీ బాడీ సైజ్ అనోటేషన్‌లో (ఇంగ్రెస్‌కి తగిలించే సెట్టింగ్) 10 ఎంబీ పెట్టండి, ఆ ఒక్క అప్‌లోడ్ పాత్‌కి మాత్రమే.

ఈ అనోటేషన్లన్నీ ఒక కాగితం మీద రాసిపెట్టుకోవాల్సిన అవసరం ఇప్పుడొచ్చింది. కమ్యూనిటీ నడిపే ఇంగ్రెస్-ఎన్‌జిన్‌ఎక్స్‌ని విరమిస్తున్నట్టు 2025 నవంబర్‌లో ప్రకటించారు, మరమ్మతులు 2026 మార్చి వరకే అన్నారు. ఇంగ్రెస్‌కి బదులు వాడే గేట్‌వే ఏపీఐకో వేరే కంట్రోలర్‌కో మారినప్పుడు హోస్టులు, పాత్‌లు వెళ్తాయి గానీ ఎన్‌జిన్‌ఎక్స్ పేరుతో రాసిన అనోటేషన్లని కొత్తది చదవదు. బాడీ సైజు, టైమవుట్, రీరైట్ ఒక్కోటీ కొత్త చోట ఎలా రాయాలో చూసుకుని, పాత కంట్రోలర్ నడుస్తుండగానే కొత్తదాన్ని వేరే ఐపీ మీద లేపి, పైన చెప్పిన కర్ల్ రిజాల్వ్‌తో ప్రతి హోస్టునీ పరీక్షించండి. అన్నీ సరిగ్గా పలికాకే, ముందు రోజే టీటీఎల్ (పాత జవాబుని గుర్తుంచుకునే గడువు) 300 సెకన్లకి తగ్గించిన డీఎన్ఎస్ రికార్డు మార్చండి.