నాణెం చదువుదాం – 4వ పాఠం: మెనాండర్ వెండి ద్రక్మ

గత పాఠంలో ఇచ్చిన ఖరోష్ఠి (వాయవ్య భారతంలో వాడిన పాత లిపి) అక్షరాల పట్టికను పక్కన పెట్టుకోండి. రెండో పాఠంలోని గ్రీకు పెద్ద అక్షరాలూ కావాలి. ఇంతవరకు విడి అక్షరాలు దిద్దాం. ఇప్పుడు ఒక నాణేన్ని రెండు వైపులా పూర్తిగా చదువుతాం. ఆ తర్వాత, దాన్ని ముద్రించిన రాజు గురించి అది ఏం చెబుతోందో, ఏం చెప్పడం లేదో విడదీస్తాం. నా దృష్టిలో అసలు విద్య ఈ రెండోదే. అక్షరాలు వారం రోజుల్లో పట్టుబడతాయి. నాణెం చెప్పని మాటను దాని నోట పలికించకుండా ఉండడానికి మాత్రం చాలా సాధన కావాలి.

మన రాజు మెనాండర్. పాలి భాషలోని బౌద్ధ గ్రంథం ‘మిలిందపన్హ’లో నాగసేన భిక్షువును ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగిన మిలిందుడు ఇతడే. క్రీ.పూ. 323లో అలెగ్జాండర్ చనిపోయాక, సుమారు నూట అరవై ఏళ్లు గడిచిన తర్వాత కాబూల్ లోయ నుంచి పంజాబు దాకా ఏలిన గ్రీకు రాజు. ఏలుబడి సుమారు క్రీ.పూ. 155 నుంచి 130 వరకని పుస్తకాల్లో కనిపిస్తుంది. ఇతడి నాణేల మీద సంవత్సరాలు ఉండవు. నాణేల వరుసను, ఇతర రాజులతో పోలికలను బట్టి చరిత్రకారులు కట్టిన లెక్క అది. అందుకే ‘సుమారు’ అన్న మాటను మీ నోటు పుస్తకంలో ఎప్పుడూ వదిలేయకండి.

ఈ పాఠానికి అసలు నాణెం అక్కర్లేదు, కొనవద్దు కూడా. బజారులో నకిలీలు చాలా ఉన్నాయి. పెద్ద మ్యూజియాల వెబ్‌సైట్లలో మెనాండర్ పేరుతో వెతికితే స్పష్టమైన ఫొటోలు దొరుకుతాయి. రాజు ముఖం, వెనుక గ్రీకు దేవత ఎథీనా ఉన్న గుండ్రని వెండి ద్రక్మను (గ్రీకుల నాణెం పేరు) ఎంచుకోండి. బరువు 2.4 గ్రాముల ప్రాంతంలో ఉండాలి. ఇదే మొదటి సాక్ష్యం. గ్రీసులో వాడుకలో ఉన్న ఏథెన్స్ తూకం ప్రకారమైతే ద్రక్మ నాలుగు గ్రాములు దాటుతుంది. ఈ రాజు తన ప్రజల చేతుల్లో తిరిగే స్థానిక తూకానికి తన వెండిని సర్దుకున్నాడు. అక్షరం చదవకముందే ఇంత తెలిసింది.

ఇక బొమ్మ వైపు చూడండి. కుడివైపు తిరిగిన రాజు ముఖం. జుట్టు చుట్టూ ఒక పట్టీ, వెనుక ముడి, ముడి నుంచి వేలాడే రెండు కొసలు. అలెగ్జాండర్ తర్వాతి గ్రీకు రాజులందరికీ కిరీటం అంటే ఈ గుడ్డపట్టీయే. కొన్ని నాణేల మీద శిరస్త్రాణం ఉంటుంది. మరికొన్నిటి మీద రాజు మనకు వీపు చూపిస్తూ ఎడమకు తిరిగి, ఎత్తిన చేత్తో ఈటె విసరబోతుంటాడు. మూడు రకాలనూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. కొన్నిటిలో నున్నటి చెంపల కుర్రవాడు, కొన్నిటిలో ముదిరిన ముఖం. చాలా ఏళ్లు ఏలాడని అనుకోవడానికి ఇదొక ఆధారం.

గ్రీకు లేఖనం ఎడమ కింది భాగంలో మొదలై, గడియారం ముల్లు తిరిగే దిశలో తల మీదుగా కుడివైపుకు దిగుతుంది. అక్కడ రెండు మాటలు: బసిలెయోస్, సోతీరోస్. మూడో మాట, మెనాండ్రూ, రాజు బొమ్మ కింద విడిగా ఉంటుంది. మూడూ షష్ఠీ విభక్తిలో ఉన్నాయి: ‘రక్షకుడైన మెనాండర్ రాజుది’. ఏది ఆయనది? ఈ నాణెం.

ఇక్కడ మొదటిసారి చదివేవారు తడబడే చోటు ఒకటి ఉంది. మెనాండ్రూలో వరుసగా మ, ఎ, న, అ, న, ద, ర, ఒ, ఉ అని తొమ్మిది అక్షరాలు. వాటిలో అ, ద రెండూ త్రికోణాలే. అ అక్షరానికి అడ్డగీత నడుమన, ద అక్షరానికి అడుగున ఉంటుంది. అడ్డగీత అరిగిపోతే ఈ రెండూ బసిలెయోస్‌లోని ‘ల’ అక్షరంలా కనిపిస్తాయి. అందుకే ఆకారాన్ని మాత్రమే నమ్ముకోకండి, స్థానం లెక్కపెట్టండి. ఇంగ్లిషు ‘పి’లా కనిపించేది ‘ర’ అని రెండో పాఠంలో చెప్పుకున్నది మరచిపోవద్దు.

బొరుసు వైపు నిలబడి ఉన్నది ఎథీనా. ఒక చేతిలో డాలు, మరో చేత్తో పిడుగు విసురుతోంది. ఈ భంగిమలోని ఎథీనా మాసిడోనియా రాజధాని పెల్లాలో కొలువైన దేవత. రావి, చీనాబ్ నదుల గడ్డ మీద ఏలుతున్న రాజు అలెగ్జాండర్ పుట్టిన ఊరి దేవతను తన వెండి మీద నిలిపాడు. ఆమె చుట్టూ ఉన్న అక్షరాలు మాత్రం గ్రీకు కావు. ఖరోష్ఠి లిపి, ప్రాకృత భాష, కుడి నుంచి ఎడమకు: మ-హ-ర-జ-స, త్ర-త-ర-స, మె-నం-ద్ర-స. ఈ లిపిలో దీర్ఘాలు రాయరు కాబట్టి మహారాజ అన్నది ‘మహరజ’ అయింది. ప్రతి మాట చివర ‘స’ షష్ఠీ విభక్తి గుర్తు. అరిగిన నాణెం చేతికొస్తే ముందుగా మూడు ‘స’లను వెతికి చుక్క పెట్టుకోండి. మాటల సరిహద్దులు తేలిపోతాయి. మొదటి మాటలో అయిదు అక్షరాలు, మిగతా రెండిటిలో నాలుగేసి. ‘త్రతరస’ దగ్గర నిదానించండి. ఖరోష్ఠిలో త, ర దాదాపు ఒకే పోలికలో ఉంటాయి, పైగా ఈ మాటలో పక్కపక్కనే వస్తాయి. భూతద్దంతో రెండిటినీ ఒకదానితో ఒకటి పోల్చి చూస్తే తప్ప తేడా తెలియదు.

నిజానికి ఖరోష్ఠిని మళ్లీ చదవగలిగింది ఇలాంటి నాణేల వల్లే. 1830ల నాటికి ఆ లిపి తెలిసినవారు ఒక్కరూ మిగలలేదు. కాబూల్‌లో ఉంటూ బెగ్రామ్ మైదానంలో వేలకొద్దీ నాణేలు సేకరించిన చార్లెస్ మాసన్ ఒక సంగతి గమనించాడు. గ్రీకులో మెనాండర్ పేరున్న నాణేల బొరుసు మీద ఒకే అక్షరాల గుంపు మళ్లీ మళ్లీ వస్తోంది. అపొలొడోటస్, హెర్మేయస్ అనే ఇతర గ్రీకు రాజుల పేర్లకూ, ‘రాజు’, ‘రక్షకుడు’ అన్న బిరుదులకూ అలాగే ఒక్కో గుంపు ఉంది. ఆ సంగతిని కలకత్తా టంకశాలలో పనిచేస్తున్న జేమ్స్ ప్రిన్సెప్‌కు తెలియజేశాడు. ప్రిన్సెప్ ఆ పేర్లను పట్టుకుని ఒక్కో అక్షరం విలువ తేల్చుకుంటూ పోయాడు. పండితుల పేర్ల వరుసలో మాసన్ పేరు వెనక్కి పోవడం నాకు బాధగా ఉంటుంది. మీరు కూడా పట్టిక మూసేసి, గ్రీకు పేరు ఆధారంగా ఖరోష్ఠి పేరు పట్టుకునే ప్రయత్నం ఒకసారి చేయండి. పట్టికను పదిసార్లు దిద్దినా రాని పట్టు దానితో వస్తుంది.

ఇప్పుడు రెండో పని. నోటు పుస్తకంలో ఒక పేజీని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమ భాగానికి ‘నాణెంలో కనిపించింది’ అనీ, కుడి భాగానికి ‘ఇతరులు చెప్పింది’ అనీ పేరు పెట్టండి. మెనాండర్ విషయంలో కుడి భాగం త్వరగా నిండుతుంది. అలెగ్జాండర్ కంటే ఎక్కువ జాతులను జయించాడన్న మాటను భూగోళ రచయిత స్ట్రాబో తనకంటే ముందటి అపొలొడోరస్ నుంచి ఉటంకించాడు. రాజధాని సాగల నగరమనీ, రాజు పుట్టింది అలసంద ద్వీపంలోని కలసి గ్రామమనీ మిలిందపన్హ చెబుతుంది. సాగల అంటే నేటి సియాల్‌కోట్ అని ఎక్కువమంది గుర్తిస్తారు. ఆ గ్రంథంలో రాజు కొలువులోని దేవమంతియ, అనంతకాయ అనే యవనుల (గ్రీకుల) పేర్లను మన చెవితో వినండి. డెమెట్రియస్, ఆంటియోకస్ పాలి నోట పడి అలా మారారు.

రాజు చివరి రోజుల దగ్గర సాక్షులు విడిపోతారు. పాలి గ్రంథం ముగింపులో మిలిందుడు రాజ్యాన్ని కొడుక్కి అప్పగించి, సన్యసించి, అర్హతుడు (నిర్వాణం పొందినవాడు) అవుతాడు. గ్రీకు రచయిత ప్లూటార్క్ మాత్రం అతడు యుద్ధ శిబిరంలో మరణించాడనీ, చితాభస్మాన్ని నగరాలు పంచుకుని స్మారకాలు కట్టుకున్నాయనీ రాశాడు. ఎవరిని నమ్మాలి? ఒక పద్ధతి చెబుతాను. ఆ గ్రంథానికి చైనా భాషలో ఉన్న పాత అనువాదం పాలి మూలంలోని తొలి భాగాలకు మాత్రమే సరిపోతుంది. సన్యాసం కథ ఉన్నది పాలి పాఠం కొసన. తర్వాత చేర్చిందని అనుమానించడానికి ఇది మంచి కారణం. ప్లూటార్క్ రాసిందీ మెనాండర్ తర్వాత రెండు శతాబ్దాలు దాటాకే. పైగా భస్మాన్ని పంచుకోవడమన్నది బుద్ధుడి ధాతువుల (అస్థికల) పంపకాన్ని తలపిస్తుంది. కాబట్టి రెండిటినీ కుడి భాగంలోనే ఉంచండి.

ఎనిమిది ఆకుల చక్రం ఉన్న మెనాండర్ రాగి నాణెం చూసి కొందరు వెంటనే ధర్మచక్రం అంటారు. ఎడమ భాగంలో మీరు రాయాల్సింది ‘ఎనిమిది ఆకుల చక్రం, వెనుక ఖర్జూర మట్ట’ అని మాత్రమే. బౌద్ధుడా కాదా అన్నది కుడి భాగంలో ప్రశ్నగా ఉండాలి.

దొరికిన చోటు విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఎర్ర సముద్రం మీదుగా సాగిన వ్యాపారం గురించి క్రీ.శ. ఒకటో శతాబ్దంలో రాసిన ‘పెరిప్లస్’ అనే గ్రీకు పుస్తకం, బరుగజలో, అంటే నేటి భరూచ్‌లో, మెనాండర్ పాత ద్రక్మలు ఇంకా చలామణిలో ఉన్నాయని చెబుతుంది. ఆ రేవును అతడు ఏలాడనడానికి అదొక్కటే చాలదు. మంచి వెండికి సరిహద్దులు ఉండవు.

అభ్యాసాలు రెండు. మొదటిది: ఖరోష్ఠిలో ‘మ హ _ జ స, _ త ర స, మె _ ద్ర స’ అని మిగిలిన నాణేన్ని పూరించి, దానికి సరిపడే గ్రీకు లేఖనాన్ని చూడకుండా రాయండి. రెండోది: బొరుసు మీద అదే ఎథీనా, బొమ్మ వైపు రాజు తల మీదుగా అదే ‘బసిలెయోస్ సోతీరోస్’, కాని కింద పేరు ‘ఊ’తో కాక ‘నోస్’తో ముగిసింది. అది మెనాండర్‌ది కాదు. స్ట్రాటో అనే మరో గ్రీకు రాజు నాణేల ఫొటోలతో పోల్చి, ఎందుకు కాదో ఒక్క వాక్యంలో రాయండి.

వచ్చే పాఠంలో దక్కనుకు వస్తాం. శాతవాహన రాజులు వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన వెండి నాణేల మీద కూడా ఒకవైపు రాజు ముఖం, రెండు వైపులా రెండు భాషలు ఉంటాయి: ఒకటి ప్రాకృతం, రెండోది ద్రావిడ భాష. ఈ పద్ధతి వారికి పశ్చిమ భారతాన్ని ఏలిన శక రాజులు, పశ్చిమ క్షత్రపుల నాణేల నుంచి వచ్చింది, క్షత్రపులకు యవనుల నాణేల నుంచి. ఈలోగా బ్రాహ్మి అక్షరాలలో క, ణ, త, ప, మ, స, హ దిద్ది ఉంచండి.