ఫ్రిగేట్ నమూనా కడదాం – 4వ పాఠం: ఒరిగిన ఓడ మళ్లీ లేవాలంటే

పోయిన పాఠంలో ఓడ పొట్టుకు, అంటే బయటి గుల్లకు, అతుకులు మూసి రంగు వేశారు. ఇక నీళ్లలో దించాలి. మనది భారత నౌకాదళపు యుద్ధనౌకైన నీలగిరి తరగతి ఫ్రిగేట్‌కు 1:100 నమూనా. అసలు ఓడ పొడవు 149 మీటర్లు, వెడల్పు 17.8 మీటర్లు, బరువు సుమారు 6,670 టన్నులు. పొడవు నూరో వంతైతే బరువు పది లక్షలో వంతు, అంటే 6.67 కిలోలు. కానీ సముద్రపు నీరు లీటరు 1.025 కిలోలు తూగుతుంది, కర్నూలు కుళాయిలో వచ్చే నీరు కిలోనే. మునక గీత సరిగ్గా కుదరాలంటే ఇక్కడ 6.5 కిలోల దగ్గర ఆపాలి.

కేసీ (కర్నూలు–కడప) కాలువకు తీసుకెళ్లకండి. పడవల రాకపోకల కోసం కూడా తవ్విన కాలువే అయినా పారే నీటిలో కొలతలు నిలవవు. రెండు మీటర్ల సిమెంటు తొట్టి చాలు.

అడుగున వేసే బరువుకు చాలామంది ఇంట్లో మిగిలిన బేతంచెర్ల బండముక్కలు వాడతారు. బండ సాంద్రత ఇనుములో మూడో వంతే. అదే బరువుకు మూడింతల చోటు ఆక్రమించి గురుత్వ కేంద్రాన్ని పైకి నెడుతుంది. ఇనుప నట్లే వేసి, కదలకుండా అతికించండి.

ఇప్పుడు అసలు పరీక్ష. నౌకా నిర్మాణ కేంద్రంలోనూ ఇదే చేస్తారు: తాళ్లు వదులు చేసి, గాలి లేని వేళ చూసి, తెలిసిన బరువులను డెక్ మీద అడ్డంగా జరుపుతారు. మీరు మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండుదారం లాంటిది 30 సెంటీమీటర్ల పొడవున కట్టండి. నడిమధ్యన పెట్టిన 130 గ్రాముల బరువును పక్కకు 5 సెంటీమీటర్లు జరపండి. ఆ బరువు కూడా 6.5 కిలోల్లో భాగమే. దారం 2 సెంటీమీటర్లు జరిగిందనుకోండి. 130ని 5తో హెచ్చించి 6,500తో భాగిస్తే 0.1. దాన్ని 2/30తో భాగిస్తే 1.5 సెంటీమీటర్లు. ఇదే జీఎం, అంటే గురుత్వ కేంద్రం నుంచి మెటాసెంటర్‌కున్న ఎత్తు. మెటాసెంటర్ అంటే ఓడ కాస్త ఒరిగినప్పుడు నీరు పైకి తోసే గీత ఓడ నడిమి గీతను తాకే బిందువు. అది గురుత్వ కేంద్రానికి పైన ఉంటేనే ఒరిగిన ఓడ మళ్లీ లేస్తుంది. బరువును రెండో పక్కకూ జరిపి చూడండి. రెండు జవాబులూ కలవకపోతే గుండు ఎక్కడో తగులుతోంది, లేదా లోపల నీరుంది.

జీఎం ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవద్దు. ఓడ బిరుసెక్కి చటుక్కున ఊగుతుంది. డెక్ మీద హెలికాప్టర్ దిగడం కష్టమవుతుంది. తక్కువైతే రాడార్ స్తంభం బరువుకే ఒరుగుతుంది. 1.5 ఉన్న నమూనా పది ఊపులకు (ఒక పక్క నుంచి రెండో పక్కకు పోయి తిరిగొస్తే ఒక ఊపు) సుమారు 12 సెకన్లు తీసుకోవాలి.

లోపలి నీటి సంగతి కంటితో చూడాల్సిందే. 40 సెంటీమీటర్ల పొడవు, 16 వెడల్పు ఉన్న పళ్లెంలో అర సెంటీమీటరు నీరు పోసి పొట్టులో పెట్టండి. ఓడ ఒక పక్కకు ఒరిగి అక్కడే నిలిచిపోతుంది. నీరు పల్లానికి పరుగెత్తి జీఎంలో దాదాపు 2 సెంటీమీటర్లు తినేసింది, మీకున్నదే 1.5. పళ్లెం మధ్యలో పొడవు వెంట ఒక గోడ పెడితే నష్టం నాలుగో వంతుకు, అంటే అర సెంటీమీటరుకు పడిపోతుంది. ఈ నష్టం వెడల్పు ఘనాన్ని బట్టి పెరుగుతుంది మరి.

అలాగని పొట్టంతా ఇలా పొడవు వెంట గోడలు కట్టేయకండి. అవి ఇంధన ట్యాంకులకు బాగుంటాయి. పొట్టుకు ఒక పక్క తూటు పడితే మాత్రం నీరు ఆ పక్కే నిలిచి ఓడను ఒరగదోస్తుంది. పొట్టుకు వెడల్పు వెంట కట్టే అడ్డగోడలే ప్రాణం. వాటికోసం 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తెచ్చి ఉంచండి. ఎన్ని గోడలు, ఎంతెంత దూరంలో అన్నది 5వ పాఠంలో గీసి కోద్దాం.